సంచి ఇచ్చి వచ్చేస్తే అయిపోతుందనుకున్నాం

చర్చి చుట్టుపక్కల వీధుల్లో ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు సాయం చేయాలని మా సంఘం మొదలుపెట్టిన పనికి మొన్న జనవరితో ఏడాది నిండింది. ఈమధ్య వేరే సంఘాలవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి, మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం, మీరెలా చేశారో చెప్పండి అని అడిగారు. అడిగిన ప్రతిసారీ మంచి మాటలే చెప్పి పంపించాను. చెప్పినవి అబద్ధాలు కావు, కానీ సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

కిందటేడు జనవరి మొదటి ఆదివారం అయ్యగారు బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం తీసుకున్నారు. కట్టుకోను బట్టా ఆ పూటకు తిండీ లేనివాడితో "సమాధానంగా వెళ్ళు, చలి కాచుకో" అని చెప్పి పంపేస్తే ఏం లాభం అనే మాట ఉంటుంది కదా, అదే. ప్రసంగం అయ్యాక ఒక ప్రశ్న వేశారు. "మన గేటు దగ్గర్నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే ఇళ్లలో ఎవరు ఎలా బతుకుతున్నారో మీలో ఎంతమందికి తెలుసు?" ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నేను ఆ చర్చికి పదిహేనేళ్లుగా వెళ్తున్నాను. ఆ వీధుల్లోంచే నడిచి వెళ్తాను. నా చెయ్యీ లేవలేదు.

ఆరోజు కాగితం మీద ఇరవై రెండు పేర్లు వచ్చాయి. తర్వాతి శనివారం మొదటి కూడికకు తొమ్మిదిమంది వచ్చారు. మార్చి నాటికి క్రమం తప్పకుండా వచ్చేవాళ్లం నలుగురం మిగిలాం. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మొదలుపెట్టేవాళ్లు వచ్చిన పేర్లను ఐదుతో భాగించుకుని ప్లాన్ వేసుకుంటే తర్వాత బాధ ఉండదని చెబుతున్నా. "ఆఫీసులో లెక్కలు చూస్తారు కదా సిస్టర్, ఇదీ మీరే చూడండి" అని పెద్దలు పుస్తకం నా చేతిలో పెట్టారు. అలా ఇరుక్కున్నాను.

మొదటి తప్పు మొదటి వారంలోనే చేశాం. ఎవరినీ అడక్కుండా ముప్ఫై సరుకుల సంచులు కట్టేశాం. అన్నింట్లోనూ ఒకే సరుకులు. పైన ఒక చిన్న సువార్త పుస్తకం. శనివారం పొద్దున్న పదింటికి ఇద్దరిద్దరుగా బయల్దేరాం. ప్రభువు శిష్యుల్ని ఇద్దరిద్దరుగానే పంపించాడు కాబట్టి అలా వెళ్లాం కానీ, నిజంగా అది ఎంత అవసరమో మొదటి తలుపు ముందు నిలబడ్డాకే తెలిసింది. నా కాళ్లు వణికాయి. ఏం చెప్పాలో రాత్రంతా అద్దం ముందు ప్రాక్టీస్ చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. తలుపు తీసినాయన మమ్మల్నీ సంచినీ చూసి అడిగిన మొదటి మాట, "ఏం అమ్ముతున్నారు?"

మా జంట పద్నాలుగు తలుపులు కొడితే ఐదు తెరుచుకున్నాయి. పొద్దున్నపూట పనికి పోయేవాళ్లు ఇంట్లో ఉండరన్న చిన్న విషయం కూడా మాకు తట్టలేదు. అందరూ తిరిగొచ్చాక చూస్తే పదకొండు సంచులు మిగిలాయి. ఇచ్చినవాటిలోనూ ఎన్ని పనికొచ్చాయో చెప్పలేను. ఒక పెద్దాయన నా ఎదురుగానే సంచి విప్పి చక్కెర ప్యాకెట్ బయటికి తీసి పట్టుకున్నాడు. "నాకు పన్నెండేళ్లుగా షుగర్. ఇదిచ్చి తొందరగా పంపించేద్దామనా అమ్మాయ్?" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మరో ఇంటి ఆవిడ సంచిలోంచి పుస్తకం మాత్రం తీసి, కళ్లకద్దుకుని, నా చేతిలో పెట్టేసింది. "ఇది నేను చదవనమ్మా, వృథా అవుతుంది. ఎవరైనా చదివేవాళ్లకివ్వండి." ఆ పక్కింటావిడ మొత్తం సంచే వెనక్కిచ్చింది. "ఇది తీసుకుంటే మీ చర్చికి రావాలా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. "మరి పుస్తకం ఎందుకు పెట్టారు?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. నాకు జవాబు దొరకలేదు.

ఆ పుస్తకం గురించి మా నలుగురైదుగురి మధ్య మూడు వారాలు వాదన నడిచింది. ఒక బ్రదర్ గట్టిగా అడిగాడు, "సువార్త లేకుండా సరుకులిస్తే మనకీ సరుకుల కొట్టుకీ తేడా ఏంటి?" ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఆయన చెడ్డ మనసుతో అడగలేదు, మా అందరికంటే ఎక్కువ ప్రార్థన చేసే మనిషి. కానీ ఆకలితో ఉన్నవాళ్ల చేతిలో సంచీ పుస్తకమూ కలిపి పెడితే, రెండోదానికి మొదటిది ధర అయిపోతుంది. చివరికి తేలిందేంటంటే, సంచిలో పుస్తకం వద్దు. మీరెందుకు చేస్తున్నారని ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పాలి. ప్రార్థన చేయమంటే చేయాలి, అదీ వచ్చిన పని పూర్తయ్యాక. ముందే ప్రార్థన చేసేస్తే అవతలివాళ్లు ఆ తర్వాత తమకు కావాల్సింది నోరు తెరిచి అడగలేరు. ఆ బ్రదర్‌కు ఇది నచ్చలేదు. మాతో రావడం ఆపేశాడు. ఆగస్టులో ఒక ఇంట్లో నీళ్ల పైపు పగిలితే పానా పట్టుకుని ఆయనే వచ్చాడు. ఏ వాదన గురించీ ఇద్దరం మాట్లాడుకోలేదు.

జూన్ ఆఖరికి మా లెక్కల పుస్తకంలో పదిహేడు ఇళ్లున్నాయి. అందులో తొమ్మిదిళ్లవాళ్లు వాళ్లంతట వాళ్లే ప్రార్థన అడిగారు. వాళ్లలో సగానికి పైగా మా విశ్వాసం కానివాళ్లే. షుగర్ పెద్దాయన మాత్రం మొదటిరోజే తేల్చేశాడు. "ప్రార్థనలొద్దు. కూర్చో, అది చాలు." ఇప్పటికీ అంతే. చెప్పిన కథే చెబుతాడు. కూర్చుంటాం.

ఇక ఫొటో సంగతి. రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

మూడో శనివారం మా యవ్వనస్థుల్లో ఒకడు, ఒక తల్లీ పద్నాలుగేళ్ల కొడుకూ సంచి అందుకుంటుంటే ఫోన్‌లో ఫొటో తీశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆపలేదు. నిజం చెప్పాలంటే కొంచెం సర్దుకుని నిలబడ్డాను కూడా. ఆ సాయంత్రం అది సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద యాభై దాకా చేతులు జోడించిన బొమ్మలు. గ్రూపులో ఉన్న ఒకాయన మనవడు ఆ పిల్లాడి క్లాసే. సోమవారం పొద్దున్నకి ఫొటో క్లాసంతా తిరిగింది. ఆ పిల్లాడు నాలుగు రోజులు బడికి వెళ్లలేదని మాకు తెలిసింది తర్వాతి శనివారం, అదీ ఎదురింటివాళ్లు చెబితే. వాళ్ల తలుపు తెరుచుకోలేదు. లోపల మనుషులున్న అలికిడి తెలుస్తూనే ఉంది.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి ఆరో అధ్యాయంలో ఉన్న మాట నేను ఆదివారపు బడిలో పిల్లలకు ఎన్నిసార్లు కంఠతా పట్టించానో లెక్కలేదు.

గ్రూపులోంచి ఆ ఫొటో తీయించేశాం. గ్రూపులో అందరినీ తమ ఫోన్లలోంచి చెరిపేయమని అడిగాం. చెరిపారో లేదో దేవుడికే తెలియాలి. నేను ఏడు వారాలు, ప్రతి శనివారం, ఆ తలుపు దగ్గరికి వెళ్లాను. సంచి పట్టుకుని వెళ్లలేదు. మొదటి రెండుసార్లు కొట్టి వచ్చేశాను. మూడోసారి ఒక ఉత్తరం రాసి తలుపు కింద నుంచి తోశాను. "తప్పు మాది, మీది కాదు, మీరు సాయం అడగనుకూడా లేదు" అని. ఎనిమిదో వారం తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికి రమ్మనలేదు. "వాడితో చెప్పండి, నాతో కాదు" అంది. పిల్లాడు వచ్చి నిలబడ్డాడు, నా మొహం చూడలేదు. పద్నాలుగేళ్లవాడి ముందు నిలబడి క్షమించమని అడగడం ఎంత కష్టమో, అడిగాక వాడు "సరే" అని ఒక్క మాటతో లోపలికి వెళ్లిపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. దారంతా ఏడ్చాను. వాడు క్షమించాడనో క్షమించలేదనో కాదు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో అందరం చతికిలపడి ఉన్నప్పుడు పాస్టరమ్మగారు మార్కు పదో అధ్యాయం చదివారు. యెరికో దగ్గర దారిపక్కన కూర్చున్న గుడ్డి బర్తిమయి కథ. కేకలు వేసి వేసి చివరికి ఎదురుగా వచ్చి నిలబడ్డవాణ్ణి యేసు అడిగాడు, నీకేం చేయమంటావని. "గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకు తెలియదా? అయినా అడిగాడు కదా" అన్నారామె. అంతే, ప్రసంగం లేదు. మార్చి నుంచి మేము ఖాళీ చేతులతో వెళ్లడం మొదలుపెట్టాం.

ఖాళీ చేతులతో ఒకరి గుమ్మంలో నిలబడటం సంచితో నిలబడటంకంటే పదిరెట్లు కష్టం. సంచి ఉంటే అది మన బదులు మాట్లాడేస్తుంది. లేకపోతే మనమే మాట్లాడాలి. చాలామంది మొదటిసారి "ఏమీ వద్దు" అనేవాళ్లు. మూడోసారో నాలుగోసారో నోరు విప్పేవాళ్లు. అప్పుడు బయటికొచ్చినవి మేమెవ్వరం ఊహించనివి. ఒకాయనకు కళ్లద్దాల కాడ విరిగింది, ఏడాదిగా దారంతో కట్టుకుంటున్నాడు. ఒకామెకు ఇంటికొచ్చిన ఉత్తరాలు చదివిపెట్టేవాళ్లు కావాలి. ఒకతనికి ఫోన్‌లో ఉన్న చనిపోయిన భార్య గొంతు పోకుండా వేరేచోట దాచిపెట్టాలి. ఇది మా కుర్రాడు ఐదు నిమిషాల్లో చేసిపెట్టాడు. ఆ మనిషి ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. సరుకులు అడిగినవాళ్లు పదిహేడిళ్లలో ఆరిళ్లవాళ్లే.

ఒక ఇంట్లో భర్త మూడేళ్లుగా మంచం మీద. ఆమెకేం కావాలని అడిగితే చాలాసేపు ఆలోచించి, "రెండు గంటలు" అంది. ఎక్కడికైనా వెళ్లొస్తుందేమో అనుకున్నాం. మేము ఆయన పక్కన కూర్చోగానే ఆమె పక్కగదిలోకి వెళ్లి పడుకుంది. అంతే. ప్రతి బుధవారం సాయంత్రం రెండు గంటలు నిద్ర. ఇందులో మాకు తెలియనిది ఒకటుంది. మంచం పట్టిన మనిషి పక్కన ఊరికే కూర్చుంటే సరిపోదు. పక్కకు తిప్పాలి, నీళ్లు పట్టేటప్పుడు తల ఎంత ఎత్తాలో తెలియాలి, ఎక్కడ ఒరుసుకుపోతోందో చూడాలి. మా సంఘంలో నర్సుగా చేసే సిస్టర్ రెండు పూటలు కూర్చోబెట్టి నేర్పించింది. అది నేర్చుకోకుండా అలాంటి ఇంట్లో అడుగుపెట్టొద్దు.

నాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఒక ముసలామె ఆగిపోయిన పింఛను. నాలుగు నెలలుగా రావడం లేదు, ఎందుకో ఆమెకు తెలియదు. ఒక మధ్యాహ్నం పని అనుకుని బయల్దేరాం. మొదటిసారి మూడు గంటలు వరుసలో నిలబడ్డాక, ఫలానా కాగితం నకలు లేదన్నారు. రెండోసారి ఆ పని చూసే మనిషి సెలవు. మూడోసారి అసలు విషయం బయటపడింది, రెండు కాగితాల్లో ఆమె పేరు ఒక్క అక్షరం తేడాగా ఉంది. దాన్ని సరిచేయించడం మరో చోట, మరో వరుస. నాలుగోసారి వెళ్లినప్పుడు తీసుకున్నారు. మొదటిరోజు నుంచి డబ్బు పడేదాకా పదకొండు వారాలు. పాత బకాయితో కలిపి ఆమె చేతికి వచ్చిన మొత్తం, మేము ఏడాది పొడుగునా ఆమెకిచ్చిన సంచులన్నిటి విలువకంటే చాలా ఎక్కువ. నేను ఆఫీసుకు నాలుగు అరపూటలు సెలవు పెట్టాను, ఖర్చయింది బస్సు చార్జీలూ నకళ్ల డబ్బులే. మొదట్లోనే అడిగి ఉంటే ఆమెకు ఆ నెలల్లో మా సంచులతో పనే ఉండేది కాదు.

ఎవరికైనా పనికొస్తుందని చిన్న సలహా. కాగితాల పని మీద వెళ్లేటప్పుడు ప్రతిదానికీ మూడు నకళ్లు, ఒక పెన్ను, మంచినీళ్లు, ఫోన్ చార్జర్ సంచిలో వేసుకోండి. ఎవరితో మాట్లాడారో, ఏ తేదీన ఏం చెప్పారో అక్కడే రాసుకోండి. "కిందటిసారి ఇలా చెప్పారు" అంటే ఎవరూ వినరు, "12వ తేదీ మూడో కిటికీలో చెప్పారు" అంటే తలెత్తి చూస్తారు.

ఖర్చుల గురించి అందరూ అడుగుతారు. వందలో ఎనభై సరుకులకే పోతుందని మొదట లెక్క వేసుకున్నాం. ఏడాది చివర పుస్తకం మూసేసరికి వందకు సరుకులకు ముప్ఫై ఎనిమిది, మందులకూ కళ్లద్దాలకూ ఇరవై ఏడు, ప్రయాణాలకు పంతొమ్మిది, నకళ్లూ ఫోన్ రీచార్జీల్లాంటి చిల్లర ఖర్చులకు తొమ్మిది. మిగిలిన ఏడూ మోసపోయాం.

అవును, మోసపోయాం. ఏప్రిల్‌లో ఒకతను తల్లికి మందులని మూడుసార్లు డబ్బు తీసుకున్నాడు. నాలుగోసారి నేనే మందులు కొని ఇంటికి తీసుకెళ్తే, తల్లి చనిపోయి ఆరేళ్లయిందని ఇంటి యజమాని చెప్పాడు. నాకొచ్చిన కోపం మామూలుది కాదు. ఆ వారమంతా ప్రతి తలుపు దగ్గరా అనుమానమే. ఎవరైనా దగ్గితే అది కూడా నటనేమో అనిపించేది. పెద్దల దగ్గర పంచాయితీ పెట్టి ఎవరికీ నగదు ఇవ్వకూడదని రూల్ చేయించాను. మందులైతే షాపులోనే కడతాం, బడి ఫీజైతే బడిలోనే. రూల్ మంచిదే. కానీ మేలో ఒక రాత్రి, చెల్లెలి కాన్పు కష్టమైందని, ప్రయాణానికి డబ్బు కావాలని ఒకామె వస్తే ఆ రూలే చెప్పి పంపించేశాను. ఆమె మళ్లీ మా దగ్గరికి రాలేదు. ఆ తర్వాత రూల్ కింద ఒక చిన్న వాక్యం చేర్చాం, ఇద్దరు కలిసి ఒప్పుకుంటే అత్యవసరానికి కొంత నగదు ఇవ్వొచ్చని. ఆమెకు మాత్రం అది పనికిరాలేదు.

జూన్, జూలై నెలలు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రెండు నెలలూ నేను ఎవరినీ ప్రేమించలేదు. నా సొంత నంబరు అందరికీ ఇచ్చాను కదా, రాత్రి పదకొండింటికి కూడా మోగేది. ఫోన్ మోగితేనే టెన్షన్. ఒకరోజు మావారు, "మన ఇంట్లో కూడా మనుషులున్నారు, మా తలుపు కూడా ఒకసారి కొట్టు" అన్నారు. నవ్వులాటకే అన్నారు కానీ ఆ నవ్వు వెనక ఉన్నదేంటో నాకు తెలుసు. నాకింకో జబ్బు కూడా ఉందని అప్పుడే తెలిసింది, కృతజ్ఞత కోసం ఎదురుచూసే జబ్బు. పదిమంది కుష్ఠురోగులు బాగైతే ఒక్కడే తిరిగొచ్చాడన్న కథలో మిగతా తొమ్మిదిమందినీ నేను ఎప్పుడూ తిట్టుకునేదాన్ని. ప్రభువు ఆ తొమ్మిదిమంది స్వస్థత వెనక్కి తీసుకోలేదన్న సంగతి ఎప్పుడూ గమనించలేదు.

జూలై చివర్లో సంఘం తరఫున ఒక ఫోన్ కొన్నాం. వారానికొకరు దగ్గర పెట్టుకుంటారు, రాత్రి ఎనిమిది దాటాక ఆపేస్తారు. ఈ పని మొదటిరోజే చేయండి.

సెప్టెంబర్‌లో జరిగింది ఒకామె అనుమతితోనే రాస్తున్నా. అంతకుముందు పెద్దల కూడికల్లో ఒకాయన ప్రతిసారీ గలతీయులకు రాసిన పత్రిక తీసి, "ముందు విశ్వాస గృహానికి చేరినవాళ్లకు" అనేవారు, అంటే ముందు సాటి విశ్వాసులకు సాయం చేయాలని. "మన సంఘంలో అలా ఎవరున్నారండీ?" అని నేను విసుక్కునేదాన్ని. ఒక శనివారం సాయంత్రం జనవరిలో తెరుచుకోని తొమ్మిది తలుపుల్లో ఒకదాన్ని మళ్లీ కొట్టాం. తీసింది మా సంఘస్థురాలే. స్త్రీల వైపు మూడో వరసలో కూర్చుంటుంది, ప్రతి ఆదివారం కవరు మీద పేరు రాసి కానుక వేస్తుంది. ఆ కానుకల్లోంచే మేము సంచులు కట్టాం. భర్త పోయాక ఇల్లు ఖాళీ చేసి ఆ ఒంటిగదిలోకి మారి ఏడాదిన్నర అయిందట. మాకెవరికీ తెలియదు. జనవరిలో మేము తలుపు కొట్టినప్పుడు లోపలే ఉంది. మా గొంతులు గుర్తుపట్టి దీపం ఆర్పేసి కూర్చుందట. "పొద్దున్న పదింటికి దీపమెందుకమ్మా?" అంటే, "ఆ గదికి కిటికీ లేదు కదా" అంది.

అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో రోజూ జరిగే పంపకంలో కొందరు విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సణుగుడు పుట్టిందని, అందుకే ఏడుగురిని ఏర్పాటు చేశారని మా అందరికీ తెలుసు. మాకు సణిగేవాళ్లు కూడా లేరు. ఆమె సణగలేదు. "ఇవ్వడం అలవాటు, తీసుకోవడం రాదు నాకు. పుస్తకంలో నా పేరు రాయకండి" అంది. రాయలేదు. పాస్టరమ్మగారికీ నాకూ తప్ప మిగతావాళ్లకు ఆమె ఎవరో తెలియదు. నెలనెలా అద్దెలో కొంత సర్దుతున్నాం. కవరు మాత్రం ఆపలేదు. నేను ఒకసారి ఆపమన్నాను, ఆమె నావైపు చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గలతీయుల పెద్దాయనకు నేనింకా సారీ చెప్పలేదు. చెప్పాలి.

డిసెంబర్ వచ్చింది. నలభైమంది వచ్చారు. ఏడాదంతా కనిపించని మొహాలు. బొమ్మలు, దుప్పట్లు, స్వెట్టర్లు గుట్టలుగా పడ్డాయి. మా నలుగురికీ కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజమే. సంఘం పేరుతో బ్యానర్ కట్టి పంచుదామని ఒకరన్నారు, సంచుల మీద పేరు అచ్చు వేయిద్దామని ఇంకొకరు. గంటన్నర నడిచింది ఆ కూడిక. చివరికి బ్యానర్ చర్చి గోడకే ఉంది, సంచులు పేరు లేకుండా వెళ్లాయి. వచ్చిన నలభైమందికీ ఒక్కటే చెప్పాం, ఈ దుప్పట్లలో సగం ఫిబ్రవరికి దాచుకుందాం అని. చలి క్రిస్మస్‌తో పోదు కదా. కొందరు ముఖం మాడ్చుకున్నారు, ఇవ్వడానికి వచ్చినవాళ్లకు ఇప్పుడే ఇవ్వాలనిపిస్తుంది మరి.

జనవరి మొదటి శనివారం ఆరుగురం వచ్చాం. కిందటేడు మిగిలిన నలుగురం, కొత్తగా ఒక నర్సింగ్ విద్యార్థిని, ఇంకొకరు ఆ పిల్లాడి తల్లి. అక్టోబర్ నుంచి ఆమె మాతో వస్తోంది. దరఖాస్తులు నింపడంలో మా అందరికంటే ఆమే మేలు, అక్షరం తప్పు పోదు. ఆమె చర్చికి రాదు. మేమూ అడగలేదు.

మొదటి ఇంటి గుమ్మంలో కొత్తమ్మాయి ఇంటి నంబరు రాసుకుందామని ఫోన్ బయటికి తీసింది. పిల్లాడి తల్లి ఏమీ అనలేదు, తన గుడ్డసంచి నోరు తెరిచి ఆ అమ్మాయి ముందు పట్టుకుంది. అందులో అప్పటికే మా అందరి ఫోన్లూ ఉన్నాయి. ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను పెన్నూ కాగితమూ ఇచ్చాను.